పాతిల్లు అమ్మేముందు అటక దించండి

మా వైపు పాతిల్లు అమ్మకానికి పెట్టామంటే కొనేవాడు ఇల్లు చూడడు. ముందు స్థలం ఎన్ని సెంట్లో అడుగుతాడు. తరవాత తలెత్తి దూలాలకేసి చూసి, స్తంభాన్ని గోటితో గీకి "బర్మా టేకేనా?" అంటాడు. అంతే. గోడలకి వెల్ల వేయించామా, గచ్చు బాగుచేయించామా, బాత్‌రూంలో టైల్స్ మార్పించామా అన్నది లెక్కలోకే రాదు. ఎందుకంటే రిజిస్ట్రేషనైన మర్నాడు పలుగు పడేది వాటి మీదే.

కాబట్టి ఇంటికి ఏ రంగు వేస్తే రేటు పెరుగుతుందో నేను చెప్పలేను. ముదినేపల్లిలో మా తాతలనాటి మండువా ఇల్లు ఖాళీచేసి అమ్మడానికి మాకు రెండు వేసవులు పట్టింది. ఆ రెండు వేసవుల్లో నాకర్థమైంది ఒకటుంది. మా డెల్టా ఊళ్ళ గత నూట యాభై ఏళ్ళ చరిత్ర పుస్తకాల్లో కొంచెమే ఉంది, అటకల మీద చాలా ఉంది. అది కూడా ఇల్లు అమ్మే ఆ చివరి వారంలో, కిలోల లెక్కన, పాతసామాన్లవాడి బండెక్కి వెళ్ళిపోతోంది.

తెలియనివాళ్ళకి: ముదినేపల్లి గుడివాడకీ కైకలూరుకీ మధ్య, కొల్లేటికి దిగువన ఉంటుంది. నా సర్టిఫికెట్లన్నిట్లో కృష్ణా జిల్లా. 2022 ఏప్రిల్ నుంచి ఏలూరు జిల్లా. ఒకప్పుడు ఊరి పేరుతో అసెంబ్లీ నియోజకవర్గం కూడా ఉండేది, 2009 ఎన్నికలనుంచి అదీ లేదు. అడ్రసు మారినా ఊరు మాత్రం అక్కడే ఉంది లెండి.

అసలు అలాంటి ఊళ్ళో అంతంత ఇళ్ళు ఎందుకు లేచాయి అన్నది మొదటి ప్రశ్న. జవాబు కాలవలో ఉంది. 1832-33లో వచ్చిన నందన కరువులో గుంటూరు, బందరు ప్రాంతాలు ఊళ్ళకి ఊళ్ళు ఖాళీ అయిపోయాయి. పక్కనే కృష్ణ పారుతున్నా పొలానికి నీళ్ళు లేవు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక అదే ఏడు బెజవాడ దగ్గర కృష్ణకి ఆనకట్ట మొదలైంది. కాటన్ ఆలోచన, చార్లెస్ ఓర్ దగ్గరుండి కట్టించాడు, 1855కి పూర్తయింది. కాలవలు నీళ్ళు ఒక్కటే తేలేదు, పడవలూ తెచ్చాయి. కాకినాడనుంచి ధవళేశ్వరం, ఏలూరు మీదుగా బెజవాడ దాకా నీటిదారి ఏర్పడింది. ధాన్యం ఆ దారినే పోయింది, డబ్బు ఆ దారినే వచ్చింది. మా ఇంటికి ఆర్కిటెక్టు ఎవరంటే నేను కాటన్ దొర పేరే చెప్తాను.

కలప కూడా ఆ దారినే వచ్చింది. అప్పట్లో బర్మా వేరే దేశం కాదు, 1937 మార్చి 31 దాకా బ్రిటిష్ ఇండియాలో ఒక రాష్ట్రం. మన కోస్తా వాళ్ళు వేలకి వేలమంది కాకినాడ, విశాఖపట్నం రేవుల్లో ఓడెక్కి రంగూన్ వెళ్ళి కూలీ చేసేవారు, అటునుంచి టేకు దుంగలు వచ్చేవి. మా అటక మీద దొరికిన కాయితాల్లో అన్నిటికన్నా పాతది ఒక కలప చీటీ. కాకినాడ అడితిలో దూలాలకి ఇంత, పడవ కూలి ఇంత, బండి కూలి ఇంత అని రూపాయలు, అణాలు, పైసల్లో రాసి ఉంది. కింద తేదీ "అక్షయ సంవత్సరం". అంటే 1926-27. (ఆ సంవత్సరం పేరు నిజానికి క్షయ. ఇల్లు కట్టుకుంటూ క్షయ అని రాసుకోవడానికి ఎవరికి మాత్రం చెయ్యాడుతుంది? అందుకని మనవాళ్ళు అక్షయ చేసేశారు.)

ఈ చీటీ దొరక్కపోతే ఇల్లు 1865 నాటిదని ఊళ్ళో ఒకాయన నాతో పందెం కాసేవాడే. ఆయన సాక్ష్యం పెంకు. మా పెంకుల వెనక 1865 అని అచ్చు వేసి ఉన్న మాట నిజమే. కాకపోతే అది పెంకు కాల్చిన సంవత్సరం కాదు, బాసెల్ మిషన్ వాళ్ళు మంగళూరులో పెంకుల ఫ్యాక్టరీ పెట్టిన సంవత్సరం. సబ్బు కవరు మీద కంపెనీ పుట్టిన తేదీ ఉన్నట్టన్నమాట. పైగా కప్పంతా ఒకే పెంకు కాదు. దక్షిణపు వాలు మొత్తం వేరే ఫ్యాక్టరీది. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన వచ్చిన రాత్రి ఆ వాలు ఎగిరిపోయిందని నాన్న చెప్పారు. ఏ భాగం ఎప్పుడు మారిందో కప్పు తనంతట తానే రాసిపెట్టుకుంది. మా ఆఫీసులో కోడ్‌కి కూడా అంత శుభ్రంగా హిస్టరీ ఉండదు :-)

సరే, మరమ్మతు సంగతి. గోడలకి నడుందాకా చెమ్మ, అక్కణ్ణించి పైన పొట్టుపొట్టుగా రాలిపోతున్న సున్నం. 1990ల్లో ఎవరో సలహా ఇస్తే కింద నాలుగడుగులు సిమెంటు ప్లాస్టరింగ్ చేయించారట. అప్పటిదాకా రెండడుగులున్న చెమ్మ ఆ తరవాత అయిదడుగులెక్కింది. ఎందుకో ఇంజినీరింగ్ చదివిన మాకెవరికీ తట్టలేదు. పెంకు సర్దడానికి వచ్చిన పెద్ద మేస్త్రి గోడ మీద చెయ్యేసి చెప్పాడు:

"ఇది గానుగ సున్నం గోడండీ బాబూ. దీనికి ఊపిరాడాలండి. కిందనించి వచ్చిన తడి ఈ సున్నంలోంచి ఆరిపోద్దండి. మీరు సిమెంటు మూత బిగించారు, అది బయటికి పోలేక పైకెక్కింది. సిమెంటు కొట్టించెయ్యండి, మళ్ళీ సున్నమే పూయించండి."

సున్నాన్నీ ఇసకనీ గుండ్రటి కాలవలో పోసి, ఎద్దులతో రాతి చక్రం తిప్పించి మెత్తగా నూరిన సున్నం అది. ఇటుకలోని తడిని పీల్చి గాలికి వదిలేస్తుంది. సిమెంటుకి ఆ గుణం తక్కువ. తడితో పాటు వచ్చిన ఉప్పు లోపలే ముదిరి ఇటికని తినేస్తుంది. చుట్టూ నల్లరేగడి, దాని చుట్టూ చేపల చెరువులు ఉన్న ఊళ్ళో ఈ పాఠం ఇంటింటికీ పనికొస్తుంది. మేం చెప్పినట్టే చేయించాం. ఒక వేసవి గడిచేసరికి గోడ ఆరింది. కొన్నవాడికి దాంతో పనిలేదు, అది వేరే సంగతి. కానీ గోడ ఆరడం వల్లే అటక మీద పెట్టెల్ని తొందరపడి పారెయ్యకుండా మెల్లగా దించుకునే తీరిక దొరికింది.

అటక మీద ఏముంటాయో మీకు తెలిసిందే. గంగాళాలు, గుండిగలు, కవ్వాలు, విరిగిన పందిరిమంచం కోళ్ళు, మూత లేని కావిడిపెట్టె. ఇత్తడి కోసం పిన్నమ్మలు పోట్లాడుకున్నారు, అది న్యాయమే. ఎవరూ పోట్లాడనివి రెండు రేకు ట్రంకుపెట్టెల కాయితాలు. సగం చెదలు తినేశాయి. పాతసామాన్లవాడు వాటిని అలాగే కాటా మీద పెట్టబోయాడు.

ఇక్కడ సాఫ్ట్‌వేర్ వాళ్ళకి నచ్చే విషయం ఒకటి చెప్పాలి. 2000 సంవత్సరం వస్తోందంటే, తేదీలో రెండంకెలే దాచుకున్న కంప్యూటర్లు ఏమైపోతాయోనని ప్రపంచమంతా కంగారుపడింది. ఆ వైటుకే పనితోనే మనవాళ్ళు ఎంతమందో అమెరికా చేరారు. మన పాత కాయితాలకి అదే జబ్బు వందల ఏళ్ళనుంచీ ఉంది. అరవై సంవత్సరాలకొకసారి పేర్లు మళ్ళీ మొదటికొస్తాయి. "యువ సంవత్సరం మాఘ మాసం" అని ఉంటే అది 1876 కావచ్చు, 1936 కావచ్చు, 1996 కావచ్చు. విరుగుడు కూడా ఆ కాయితాల్లోనే ఉంది, ఫసలీ. భూమిశిస్తు రసీదుల మీద ఫసలీ సంవత్సరం వేస్తారు. దానికి 590 కలిపితే ఆ ఫసలీ మొదలైన ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. జూలైలో మొదలై జూన్‌లో ముగుస్తుంది. ఫసలీ 1345 అంటే 1935 జూలై నుంచి 1936 జూన్ దాకా. ఒకే కట్టలో యువ అనీ 1345 అనీ రెండూ కనిపించాయంటే ఇక సందేహం లేదు. స్టాంపు కాయితం మీద ఏ రాజు బొమ్మ ఉందో చూస్తే మూడో సాక్ష్యం. అణాలు పోయి నయాపైసలు వచ్చాయంటే 1957 ఏప్రిల్ తరవాత అని నాలుగోది.

అలా తేదీలు పట్టుకుంటూ పోతే మూడు కాయితాలు ఒకదాని పక్కన ఒకటి వచ్చి కూర్చున్నాయి.

మొదటిది తనఖా దస్తావేజు. శుక్ల సంవత్సరం, అంటే 1929-30. ఇల్లు తనఖా పెట్టి ఒక షావుకారు దగ్గర అప్పు తెచ్చారు. రెండోది 1936 మొదట్లో రెండెకరాల నలభై సెంట్ల మాగాణి అమ్మిన క్రయ దస్తావేజు నకలు. అమ్మింది మా తాతగారి అక్కగారు. "పసుపు కుంకుమల కింద సంక్రమించిన" భూమి అని అందులో ఉంది. మూడోది తనఖా కాయితం వెనకే అదే నెలలో రాసిన చెల్లు, దానికి గుండుసూదితో గుచ్చి మా తాతగారి దస్తూరీలో ఒక చిన్న చీటీ. అక్కగారి వద్ద పుచ్చుకున్నది ఇంత, ఇల్లు విడిపించడానికి కట్టినది ఇంత. రెండూ ఒకే అంకె.

ఈ మూడు కాయితాల మధ్యలో ఉన్నది మా కుటుంబం ఒక్కదాని కథ కాదు. 1929లో అమెరికాలో మొదలైన ఆర్థికమాంద్యం ఏడాది తిరక్కుండా కృష్ణా డెల్టా కల్లాల్లోకి వచ్చింది. మద్రాసు రాష్ట్రంలో ధాన్యం ధర మూణ్ణాలుగేళ్ళలో దాదాపు సగానికి పడిపోయింది. దానికితోడు అమ్ముడుపోని బర్మా బియ్యం చవగ్గా వచ్చిపడింది. మా ఇంటికి దూలాలు పంపిన రంగూనే మా బియ్యాన్నీ ముంచింది. ధర సగమైంది కానీ శిస్తు తగ్గలేదు, వడ్డీ అసలే తగ్గలేదు. ధాన్యం బాగున్నప్పటి లెక్కలతో ఇళ్ళు కట్టుకున్నవాళ్ళు డెల్టా అంతటా ఇళ్ళు, పొలాలు పోగొట్టుకున్నారు. ఆఖరికి 1938లో రాజాజీ ప్రభుత్వం రైతుల అప్పుల ఉపశమన చట్టం తెచ్చింది. 1932 అక్టోబరు 1కి ముందు చేసిన అప్పులకి 1937 అక్టోబరు 1 నాటికి పేరుకున్న వడ్డీ రద్దు. అసలుకి రెట్టింపు అప్పటికే కట్టేసి ఉంటే అప్పే లేనట్టు. మా తనఖా సరిగ్గా ఆ చట్టం కిందికి వచ్చే రకం. పెద్దావిడ పొలం అమ్మింది దానికి రెండేళ్ళ ముందు. చట్టం వచ్చేదాకా షావుకారు ఆగడుగా.

ఇంతకీ ఎవరీ పెద్దావిడ? నాన్నా వాళ్ళు పెద్దత్త అనేవారు. ఇరవై ఏళ్ళు నిండకుండానే భర్త పోతే ఒక ఆడపిల్లని చంకనేసుకుని పుట్టింటికి వచ్చేసిందని, వంటింటి పక్క చీకటి కొట్టులో ఉండేదని, మడి ఎక్కువని, అందరినీ కసిరేదని చెప్పుకునేవారు. ఇంట్లో ఆవిడ గురించి మిగిలిన కథ అంతే. "ఆవిణ్ణి తాతయ్య చచ్చేదాకా పోషించాడు" అన్నమాట నేను చిన్నప్పటినుంచీ వింటున్నదే. ఎవరు ఎవరిని పోషించారన్నది ఆ గుండుసూదికి తెలుసు.

ఆవిడకి అత్తవారింట్లో ఏం రాలేదా అని అడగొచ్చు. భర్త ఆస్తిలో విధవకి పరిమితమైన హక్కు ఇచ్చిన చట్టం వచ్చింది 1937లో. అది వ్యవసాయ భూమికి వర్తించదని 1941లో ఫెడరల్ కోర్టు తేల్చింది. మద్రాసు ప్రభుత్వం పొలాలకి కూడా పొడిగించేసరికి 1947. డెల్టాలో ఆస్తంటేనే పొలం. ఆవిడకి ఏ చట్టమూ టైముకి రాలేదు. ఆవిడకంటూ ఉన్నది పుట్టింటివాళ్ళు పసుపు కుంకుమలకిచ్చిన ఆ రెండెకరాల నలభై సెంట్లు. దాన్నే పుట్టిల్లు నిలబెట్టడానికి ఇచ్చేసింది.

ఆవిడ కూతుర్ని తాడేపల్లిగూడెం ఇచ్చారు. ఆ పిల్లలూ మనవలూ అక్కడే ఉన్నారు. పెళ్ళిళ్ళకి కార్డు వెళ్తుంది, అంతవరకే. ఇంటి అమ్మకం సంగతి వాళ్ళకి చెప్పాలని ఎవరికీ తోచలేదు. మా మేనత్తల సంతకాలు మాత్రం తీసుకున్నాం. ఎన్టీఆర్ హయాంలో 1985 సెప్టెంబరు నుంచి వర్తించేలా ఆడపిల్లలకి పిత్రార్జితంలో వాటా వచ్చింది, 2005లో దేశమంతటికీ వచ్చింది, కాబట్టి కొనేవాడి ప్లీడరు వాళ్ళ సంతకాలు అడుగుతాడు. 1936 నాటి చీటీని ఏ ప్లీడరూ అడగడు.

నేను ఆ మూడు కాయితాలు బాబాయికి చూపించాను.

"తొంభై ఏళ్ళనాటి కాయితం పట్టుకుని ఇప్పుడు వాటాలేంట్రా? అలా తవ్వుకుంటూ పోతే ఊళ్ళో ఏ ఇల్లు ఎవరిదంటావు?" అన్నాడు.

బాబాయి ప్రశ్న తేలిగ్గా తీసిపారేసేది కాదు. చట్టప్రకారం వాళ్ళకి ఏ హక్కూ లేదని మేం అడిగిన ప్లీడరు కూడా చెప్పాడు. కాలదోషం ఎప్పుడో పట్టింది. కానీ నాకు ఒకటే అనిపించింది. చట్టాలే ఆవిడకి ఆలస్యంగా వచ్చాయని ఒప్పుకున్నాక, మళ్ళీ ఆ చట్టం చాటునే మనం దాక్కోవడం ఏమిటి? నాన్న మూడ్రోజులు ఏమీ అనలేదు. నాలుగోరోజు, పెద్దత్తని కూడా ఈ ఇంటి ఆడపడుచుల్లో ఒకర్ని చేసి ఆ వాటా తాడేపల్లిగూడెం పంపుదాం అన్నారు. మేనత్తలు సరేనన్నారు. బాబాయి సంతకం పెట్టాడు కానీ రెణ్ణెల్లు ఎవరితోనూ మాట్లాడలేదు. తాడేపల్లిగూడెంలో వరసకి అక్కయ్యే ఆవిడకి ఫోను చేసి చెప్తే, చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తరవాత "డబ్బు సంగతి తరవాత చూద్దాం, ముందు ఆ కాయితం ఫొటో తీసి పంపు తమ్ముడూ. మా అమ్మ బతికుంటే చూసుకునేది" అంది.

ఆ ట్రంకుపెట్టె కాటా మీదికి వెళ్ళుంటే ఆ కాయితాల బరువు నాలుగైదు కిలోలు.

ఇది మా ఒక్క ఇంటి గొడవ కాదు అనడానికి ఇంకో కారణం చెప్తాను. మన ఊళ్ళ చరిత్ర ఎప్పుడూ ఇళ్ళల్లోనే ఉంది. ఊరి లెక్కలు కరణంగారింట్లో ఉండేవి. 1800 ప్రాంతంలో కాలిన్ మెకంజీ కోసం ఊరూరా తిరిగి స్థానిక చరిత్రలు పోగుచేసిన వాళ్ళలో ముందు చెప్పుకోవలసిన కావలి సోదరులు, బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి, మన ఏలూరు వాళ్ళే. వాళ్ళు వెతికింది కోటల్లో కాదు, కరణాల ఇళ్ళల్లో ఉన్న కవిలెల్లో. ఇవాళ మనం కైఫీయతులు అంటున్నవి అలా వచ్చినవే. 1984లో కరణం, మునసబు పదవులు రద్దయ్యాయి. పనికొచ్చే రికార్డు మండలానికి చేరింది, మిగతాది అటకెక్కింది. ఆ అటకలున్న ఇళ్ళే ఇప్పుడు వరసగా పడుతున్నాయి.

ఎందుకు పడుతున్నాయో కూడా చెప్పుకోవాలి. వరి కట్టిన ఇళ్ళని వరి నిలబెట్టలేకపోయింది. 1970ల చివర్లో ప్రభుత్వమే కొల్లేట్లో మత్స్యకారుల సొసైటీలకి చెరువులు తవ్వించింది. తరవాత ప్రైవేటువాళ్ళు దిగారు, సరస్సు దాటి మాగాణుల్లోకి కూడా చెరువులు పాకాయి. 1999లో కొల్లేరుని అభయారణ్యంగా ప్రకటించారు, 2002లో రామ్‌సర్ జాబితాకెక్కింది, 2006లో సరస్సులో అక్రమ చెరువుల గట్లు పేల్చేశారు. సరస్సు బయట మా మండలంలాంటి చోట్ల చెరువులు చెరువులుగానే ఉన్నాయి. ఇప్పుడు ఊళ్ళో డబ్బున్నది చేపకి. చేపల రైతుకి మండువా అక్కర్లేదు, లారీ తిరిగే స్థలం కావాలి. అందులో తప్పేముంది? మా ముత్తాత కూడా పాత తాటాకిల్లు పీకేసే ఈ టేకు ఇల్లు కట్టుంటాడు. ఇల్లు పోవడం గురించి నేను కన్నీళ్ళు పెట్టుకోవడం లేదు. ఇంట్లో ఉన్న సమాచారం చదవకుండా పోవడం గురించే నా బాధంతా.

కాబట్టి మీరూ పాతిల్లు అమ్మే పనిలో ఉంటే, మేం చేసింది చెప్తాను, పనికొస్తే వాడుకోండి.

సున్నాలకీ రంగులకీ డబ్బు తగలెయ్యకండి, వాన కారకుండా పెంకు ఒక్కటీ సర్దించండి. తడిసిన కాయితం ఎవరికీ పనికిరాదు. అటక దించేముందు ఏ పెట్టె ఎక్కడుందో ఫొటోలు తియ్యండి. ఏ కట్టలో ఏ కాయితం ఉందో అలాగే ఉంచి, వరసగా నంబర్లు వెయ్యండి. మాకు గుండుసూదే అసలు సాక్ష్యం, దాన్ని పీకేసి ఉంటే కథ లేదు. పాత కాయితాలకి లామినేషన్ చేయించకండి, ఫోనుతో శుభ్రంగా ఫొటో తీసి నాలుగు ఇళ్ళల్లో నాలుగు కాపీలు పెట్టండి. తాటాకులు దొరికితే తడిగుడ్డతో తుడవకండి. అవి చూసేవాళ్ళున్నారు. 2003లో మొదలైన జాతీయ వ్రాతప్రతుల పథకం 2025 బడ్జెట్ తరవాత జ్ఞానభారతం పేరుతో నడుస్తోంది. పుస్తకాలూ పాత పత్రికలూ అయితే 1918 నాటి వేటపాలెం సారస్వత నికేతనం లాంటి గ్రంథాలయాల్ని ముందు అడగండి.

ఇంకొకటి, పూర్తిగా లౌకికమైనది. మన ఊళ్ళల్లో పాత ఇళ్ళు చాలావరకు గ్రామకంఠంలో ఉంటాయి, వాటికి పొలంలాగ విడివిడి పట్టాలుండవు. ఇళ్ళకి హక్కు కార్డులివ్వడానికి 2020లో కేంద్రం స్వామిత్వ పథకం పెట్టిందే అందుకు. అప్పటిదాకా ఇల్లు మీదేనని చెప్పేది అటక మీది పాత ఇంటిపన్ను రసీదులు, పంపకాల కాయితాలే. చరిత్ర మీద ప్రేమ లేకపోయినా ఫరవాలేదు, కనీసం రిజిస్ట్రేషన్ కోసమైనా చదవండి.

చదివేటప్పుడు ఆడవాళ్ళ పేరు ఎక్కడ కనిపించినా అక్కడ కాస్త ఆగండి. మా వైపు ఇళ్ళల్లో మగవాళ్ళ పేర్లు గుమ్మం మీద ఫలకాల్లో ఉంటాయి. ఆడవాళ్ళ పేర్లు ఎక్కువగా కనిపించేది ఏదో ఒకటి అమ్మేసిన దస్తావేజుల్లో.